పదకొండు లోపల చెప్పాల్సిన మాట

నూట ముప్పై ఎనిమిదో పేజీలో ఆ ప్రధానమంత్రి మేడ మీదికెక్కి, తన ఊరి మీద బాంబులు పడుతుంటే చూస్తూ నిలబడ్డాడు. నేను ఆళ్ళగడ్డ బస్టాండులో నంద్యాల బస్సెక్కి, కిటికీ పక్క సీటు పట్టుకుని, ఆ పేజీలో వేలు పెట్టుకుని కూర్చున్నాను. మా ఇద్దరిలో ఎవరి పని తేలికో లెక్క తేల్చుకోవడానికి నాకు ఒక గంట టైముంది. తొమ్మిదీ నలభైకి బస్సు కదిలింది, పదీ నలభైకి నంద్యాల, అక్కడి నుంచి ఆటోలో పది నిమిషాలకు మా షెడ్డు. పదకొండుకు పాణ్యం దగ్గరి విత్తనాల కంపెనీ వ్యాను షెడ్డు ముందుకొస్తుంది. అందులో వచ్చే అమ్మాయి పనిలోకి వచ్చే ఆడవాళ్ళ పేర్లు రాసుకుంటుంది. ఆ లోపల నేను మా షెడ్డు మేస్త్రీ జీవమ్మకు ఒక మాట చెప్పాలి, ఉండమనో పొమ్మనో. నిన్న సాయంత్రం ఆమె ఫోన్ చేసినప్పుడే చెప్పేస్తే సరిపోయేది. "అన్నా, పాణ్యమోళ్ళు రేపు మళ్ళా వస్తాండారంట. పోయినసారి నువ్వు ఆర్డరు వస్తాదన్నావని అందరం ఆగినాం. ఇప్పుడేం చెప్తావు? పనుందంటే ఉంటాం, లేదంటే పోయేటోళ్ళు పోతారు" అంది. దగ్గు రాకపోయినా దగ్గి, "పొద్దున వచ్చి చెప్తాలే" అన్నాను. ఆ దగ్గుకు రాత్రంతా సిగ్గేసింది. అరవై రెండేళ్ళ మనిషిని, నలభై ఒక్క ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నవాణ్ణి, ఒక్క ముక్క చెప్పడానికి దగ్గును అడ్డం పెట్టుకున్నాను.

పుస్తకం నాది కాదు. మా వీధిలో ఉండే యేసుదాసు సారుది, సోషల్ చెప్పి రిటైరయిన మనిషి. ఇంగ్లీషువాళ్ళ యుద్ధం గురించి ఎవరో పెద్ద చదువు చదివినాయన రాసింది, తెలుగులోకి దించారు, మోకాలెత్తు లావుంది. "కథ మాదిరి పోతాదప్పా సమీవుల్లా, పట్టుకుంటే వదలవు" అని ఇచ్చాడు. వదలకపోవడం నిజమే గానీ నేను చదివే తీరు వేరు. బూడిదైన వీధుల ఫోటోలు చూసి సారు కళ్ళు తుడుచుకున్నానన్నాడు, నేను ఆ ఫోటోల్లో ఇసుక సంచులు చూశాను. ఆఫీసు గుమ్మాల ముందు, విగ్రహాల చుట్టూ, ఆస్పత్రి కిటికీల దాకా దొంతర్లు దొంతర్లుగా సంచులు. ఫోటో కింద ఏం రాశారో చదవకముందే సంచి నోరు ఎలా కట్టారో, నేత ఎంత దగ్గరగా ఉందో చూశాను, ఒక గోడకు ఎన్ని పట్టి ఉంటాయో లెక్కేశాను. జనపనార. కలకత్తా మిల్లుల నుంచి ఓడల్లో పోయినవే అయ్యుంటాయి, అప్పుడు ఇంకెవరు నేస్తున్నారు గనక అన్ని. ఆ ప్రధానమంత్రి ఉపన్యాసాలకు పేజీలకు పేజీలు ఇచ్చిన రచయిత, ఆ సంచులు కుట్టిన చేతులకు ఒక్క వాక్యం ఇవ్వలేదు. తప్పుపట్టడం లేదు. నేను మాత్రం ఎవరికి చెప్పాను, మా నాయన పీరా సాహెబు పెట్టిన షెడ్డులో ఎవరు కుట్టారో. మిల్లుల దగ్గర చిరిగిన గోనె సంచులు, మా వైపు గోతాలంటాం, బేళ్ళు బేళ్ళుగా తెచ్చి, దులిపి, చిరుగుకు అతుకు వేయించి, మళ్ళీ మిల్లులకే వేయడం మా పని. దుమ్ములో కూర్చుని దబ్బనంతో కుట్టేది ఆడవాళ్ళు, తెల్లచొక్కాతో తిరిగేది మేము. మనిషికొక రంగు దారం మా నాయన పెట్టిన పద్ధతి. అతుకు వేశాక గోతం నోటి దగ్గర ఎవరి రంగు వాళ్ళు ముడి వేయాలి, మిల్లులో ఆ అతుకు ఊడితే గోతం తిరిగి ఆ చేతికే రావాలి. జీవమ్మది ఎరుపు, మేరీది నీలం, కమలాక్షమ్మది పసుపు. నేను గత ఐదు నెలలుగా పొద్దున్నే లేచి మొదట చేసే పని ఆ ముళ్ళు కత్తిరించడం.

నాలుగు రోడ్ల కూడలి దాటాక ఎడమ పక్కన శిల్పుల కొట్టాలు, రాతి దుమ్ము రోడ్డు దాకా తెల్లగా పరుచుకుని ఉంది. ఒక దేవుణ్ణి లారీ ఎక్కించడానికి గోతాలతో చుట్టి తాళ్ళతో బిగించారు, మొహం దగ్గర మాత్రం ఇంకా చుట్టలేదు. ఆ గోతాలు నావే. ఇప్పుడు నాకు మిగిలిన బేరం వీళ్ళే, నెలకు ఇరవయ్యో ముప్పయ్యో, అవీ చిరిగినా పరవాలేదంటారు, అతుకు అక్కర్లేదు. మిల్లులన్నీ తెల్ల ప్లాస్టిక్ సంచులకు మారాయి. ఒకటి తర్వాత ఒకటి మారాయి, ఆ పుస్తకంలో దేశాలు ఒకటొకటిగా పడిపోయినట్టు, పడినప్పుడల్లా ఇంకా ఆ మిల్లుంది, ఈ మిల్లుంది అనుకున్నాను. పోయిన నవంబరులో చివరిది కూడా పోయింది. మేనేజరు నాకు టీ ఇప్పించి, బిస్కెట్లు కూడా తెప్పించి, "ఇంగ వద్దులే సమీవుల్లా, కాలం మారింది" అన్నాడు. బిస్కెట్లు తెప్పించినప్పుడే అర్థమైంది. నలభై ఏళ్ళలో ఆ మిల్లులో నాకు బిస్కెట్టు పెట్టిన వాడు లేడు.

శిరివెళ్ళకు పోయే దారిలో మబ్బు పట్టి ఉంది, కుడివైపు నల్లమల బూడిద రంగులో పడుకుని ఉంది. బస్సు నిండా ఆడవాళ్ళు, వాళ్ళకు టికెట్టు లేకపోవడం మొదలైనప్పటి నుంచి మగవాడికి సీటు దొరకడమే గొప్ప. నా పక్కన కూర్చున్నామె మహానందికి పోతున్నట్టుంది, ఒళ్ళో పూల సంచి పెట్టుకుంది. చాలాసేపు పుస్తకంలోకి తొంగి చూసి ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఏందన్నా, ఈ వయసులో పరీక్ష రాస్తాండావా?"

"లేదమ్మా, ఊరికే చదువుతాండా."

"ఈయనెవరు, బొజ్జ మనిషి?"

"ప్రధానమంత్రి."

"మనకా?"

"ఇంగ్లీషోళ్ళకు. యుద్ధంలో."

"గెలిచినాడా?"

"గెలిచినాడు."

"మరి ఎందుకట్ల మొగం పెట్టుకున్నాడు, వడ్లు తడిసినోని మాదిరి?"

నాకు నవ్వొచ్చింది, ఈ వారంలో ఇదే మొదటి నవ్వు. ఆ ఫోటో తీసేనాటికి ఇంకా గెలవలేదని చెబుదామనుకున్నాను, ఆమె అప్పటికే పూల సంచిలోకి తల వంచి ఏదో వెతుక్కుంటోంది. గెలుస్తాడో లేదో తెలియని రోజుల మొహం అది. మనకు చివరి పేజీ తెలుసు గనక అతని ధైర్యం మనకు బాగుంటుంది. తెలియకుండా పొద్దున్నే లేచి బొత్తాలు పెట్టుకోవడం వేరు సంగతి. అలసట గురించి ఈ పుస్తకంలో పెద్దగా లేదు, చుట్ట గురించి ఉంది, టోపీ గురించి ఉంది, మంచంలో పడుకుని కాగితాలు చూసేవాడని ఉంది. అక్కడ అనిపించింది, ఈ మనిషి లేవలేక పడుకుని ఉంటాడు, దాన్ని అలవాటని రాశారు. నేను కూడా ఈమధ్య మంచంలోనే ఫోన్లు మాట్లాడుతున్నాను. మా ఇంట్లో బీజాన్ దాన్ని అలవాటనదు, "లేస్తావా, మంచాన్నే షెడ్డుకు పంపించాల్నా" అంటుంది. నా భార్యకు చరిత్ర రాసే పని ఇస్తే ఈ పుస్తకం నలభై పేజీల్లో అయిపోయేది.

నవంబరులో ఆ బిస్కెట్లు తిని నేరుగా షెడ్డుకు పోయాను, చెప్పేద్దామనే పోయాను. జీవమ్మ చేతిలో దబ్బనంతోనే ఎదురొచ్చి, పాణ్యంలో కొత్తగా విత్తనాల కంపెనీ పెట్టారని, గింజలు ఏరడానికి, ప్యాకింగుకు ఆడవాళ్ళను తీసుకుంటున్నారని, వ్యాను వాళ్ళే పంపుతారని, పదకొండు మందినీ రమ్మంటున్నారని చెప్పింది. "పోవాల్నా అన్నా? నువ్వేమంటావు?" అని అడిగింది. పదకొండు మంది చేతుల్లో దబ్బనాలు ఆగిపోయి నా వైపు చూశారు. ఆ చూపు అలవాటైన మనిషికి తెలుస్తుంది అదెంత బరువో, ఎంత తీపో. "యాడికీ పోవద్దు, పెద్ద ఆర్డరు వస్తాండాది, సంక్రాంతి కల్లా చేతులు ఖాళీ ఉండవు" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. అనుకుని అనలేదు, అనేశాక వెనక్కి తీసుకోలేదు. పదకొండు దబ్బనాలు మళ్ళీ కదిలాయి, ఆ చప్పుడు విని ఇంటికి పోయి అన్నం తిన్నాను.

సంక్రాంతి పోయింది. పాత సరుకు ఫిబ్రవరి దాకా వచ్చింది. తర్వాత కర్నూలు దాకా తిరిగి ఎవరికీ అక్కర్లేని చిరుగులు ఏరుకొచ్చాను, అవీ అయిపోయాయి. మార్చిలో ఒకరోజు తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని ఆళ్ళగడ్డలోని గోడౌనుకు పోయాను. కుట్టి, దులిపి, కట్టలు కట్టి పెట్టిన గోతాలు కప్పు దాకా ఉన్నాయి, కొనేవాడు లేడు. హమాలీలు వాడే ఇనుప కొక్కెం గోడకు వేలాడుతోంది. మొదటిది చింపడానికి చాలాసేపు పట్టింది, కొక్కెం గుచ్చి లాగితే నార బర్రున చీలిన చప్పుడుకు నేనే వెనక్కి తిరిగి చూశాను. యాభయ్యో దానికి చేయి తిరిగింది. రంగు ముళ్ళు కత్తిరించి, ఒక్కో గోతానికి రెండు చోట్ల చింపి, దుమ్ములో దొర్లించి, బేళ్ళు కట్టించి నంద్యాలకు పంపాను, కొత్త సరుకని. వాళ్ళు కుట్టారు. కుట్టినవి ఆళ్ళగడ్డకు తెప్పించి మళ్ళీ చింపాను. ఇలా ఐదు నెలలు. పుస్తకంలో బాంబులు వేసేవాళ్ళు ఒకరు, ఇల్లు కట్టుకునేవాళ్ళు ఇంకొకరు. మా దగ్గర రెండూ నేనే చూసుకున్నాను. బీజాన్ ఒకరోజు టీ ఇవ్వడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది. "బాగుండే దాన్ని ఎందుకు చింపుతాండావు?" అంది. చెప్పాను. ఆమె టీ గ్లాసు బేలు మీద పెట్టి, "వాళ్ళు కుట్టేటోళ్ళు, గుడ్డోళ్ళు కాదు" అని వెళ్ళిపోయింది.

శిరివెళ్ళ మెట్ట. బస్సు ఆగింది, దిగేవాళ్ళు దిగుతున్నారు. రోడ్డు పక్కన నేను అమ్మేసిన జాగా కొత్త కంచెతో కనబడింది, ఐదు నెలల కూలి దాన్నుంచే వచ్చింది, చూడకూడదనుకుంటూనే చూశాను, ఎవరో మునగ మొక్కలు నాటారు. పేజీలు వెనక్కి తిప్పాను. ఈ పేజీ నిన్ననే చదివాను, ముందుకు పోలేక మళ్ళీ దీని దగ్గరికే వస్తున్నాను. యుద్ధం మొదలైన మరుసటి ఏడు, ఫ్రాన్సు పడిపోతున్న రోజుల్లో, సైనికులతో కిక్కిరిసిన ఓడ ఒకటి మునిగింది, వేలమంది పోయారు. ఆ కబురు ప్రధానమంత్రికి చేరింది. పత్రికలకు ఈ రోజుకు ఇప్పటికే చాలినంత చెడ్డ కబురుంది, ఇది వేయొద్దన్నాడట. తర్వాత ఆ ఆజ్ఞ ఎత్తేద్దామనుకున్నాడట. పనుల ఒత్తిడిలో మరిచిపోయానని తనే రాసుకున్నాడట. ఐదారు వారాలకు వేరే దేశపు పత్రికలో వచ్చేదాకా, చచ్చిపోయిన వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఉత్తరాల కోసం చూస్తూనే ఉండి ఉంటారు. యేసుదాసు సారు ఈ పేరా పక్కన పెన్సిలుతో నిలువు గీత గీసి ఏమీ రాయలేదు. అంతా రాసే మనిషి ఇక్కడ ఏమీ రాయలేదు. ఆ ప్రధానమంత్రి చేసింది తప్పని నేననలేను. ఒక రోజుకు ఇంతే చెడ్డ కబురు మోయగలరు జనం, ఆ లెక్క నాకు తెలుసు, నేను కూడా అదే లెక్క వేశాను. కానీ ఆ లెక్కలో ఒక అంకె తప్పుంది. మోయలేనిది జనమో, చెప్పాల్సిన మనిషో ముందు తేల్చుకోవాలి. మరిచిపోయానన్న మాట నేను నమ్మను. కష్టమైన పనిని మనిషి మరిచిపోడు, అది ముందుకొచ్చినప్పుడల్లా వేరే పనిని దాని మీద వేస్తాడు. కొక్కెం నాకు అలాంటి పనే.

నేనెవరి కోసం చింపాను. వాళ్ళ కోసమని చెప్పుకున్నాను, బీజాన్‌కు అదే చెప్పాను. పదకొండు ఇళ్ళ పొయ్యిలు, పిల్లల ఫీజులు, మేరీ భర్త డయాలసిస్, అన్నీ నిజమే. కానీ ఆ షెడ్డు మూసేస్తే పొద్దున తొమ్మిదీ నలభై బస్సు నాకెందుకు. తెల్లచొక్కా ఎందుకు. బస్టాండులో టీ కొట్టు మనిషి "ఏం సేటూ" అనడం ఎందుకు. మా నాయన పెట్టింది నా చేతుల్లో పోయిందని ఎవరూ అనరు, అనడానికి ఆయన లేడు, అయినా ఆ మాట రోజూ వింటున్నాను. పదకొండు మంది నా వైపు చూసే ఆ చూపు పోతే నేను ఆళ్ళగడ్డలో ఇంకో ముసలి సాయిబును, మసీదు అరుగు మీద కూర్చునే నలుగురికి ఐదోవాణ్ణి. దాని కోసం చింపాను. ఈ మాట ఒప్పుకుంటే ఏదో తేలికవుతుందనుకున్నాను, బస్సు కుదుపుకు నడుం నొప్పి తప్ప ఏమీ మారలేదు.

ఇంకొకటి కూడా ఉంది. పోయిన నెల కమలాక్షమ్మ ఒక గోతాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఆమెది ఎడమచేతి వాటం, ఆమె కుట్టు అందరి కుట్టులా వాలదు, తిరుగు పక్కకు వాలుతుంది, పదకొండు మందిలో ఆ కుట్టు ఇంకెవరికీ రాదు. ముడి కత్తిరించాను గానీ ఆ సంగతి మరిచాను. నలభై ఒక్క ఏళ్ళ వ్యాపారికి ఇంత చిన్న తప్పు. ఆమె గోతాన్ని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. నేను ఫోను వచ్చినట్టు బయటికి పోయాను.

ఆ ప్రధానమంత్రి తన మాటలకు గంటల తరబడి తయారయ్యేవాడట, రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, గదిలో నడుస్తూ పైకి చదువుకునేవాడట. అతనికి రేడియో ఉంది. ఎదురుగా ఎవరూ లేకుండా దేశం మొత్తానికి చెప్పొచ్చు. పదకొండు మంది మొహాలు, అందులో ఒకామె చేతిలో వెలుతురుకు ఎత్తిన గోతం, వాటి ముందు నిలబడి చెప్పమంటే ఏం చెప్పేవాడో. కూలిన వీధుల్లో మాత్రం నడిచాడు, జనం ముందు ఏడ్చాడు కూడా, ఆయన ఏడుస్తున్నాడంటే మన మీద ప్రేమే అనుకున్నారట వాళ్ళు. నేను ఏడిస్తే జీవమ్మ మంచినీళ్ళిచ్చి, ఏడుపయ్యేదాకా ఆగి, "ఇంతకీ ఉందా లేదా" అని అడుగుతుంది. చివర్లో ఇంకో పేజీ ఉంది, యుద్ధం గెలిచిన ఏడాదే ఆ జనమే అతణ్ణి ఓట్లలో దింపేశారని. అక్కడ సారు రెండు గీతలు గీశాడు. బెంగాలు కరువు సంగతి సగం పేజీ ఉంది. ఆ సగం పేజీ పక్కన సారు చేతిరాత చిన్నగా, "మిగతా లెక్క యాడ?" అని. మా అమ్మ, మా సీమ కరువులో, తన చిన్నప్పుడు గంజి కేంద్రం ముందు గిన్నె పట్టుకుని నిలబడిన కథ చెప్పేది. వరుసలో నిలబడటం కాదు, వరుస చివరికి వచ్చేసరికి గంజి అయిపోయిందని ఎవరూ చెప్పకపోవడం, సాయంత్రం దాకా నిలబెట్టడం, అదే చెప్పేది ఎప్పుడూ. అయిపోయిందని చెప్పుంటే చింతచిగురు కోసుకోవడానికన్నా పోయేవాళ్ళం అనేది. ఈ మాట ఇన్నాళ్ళూ నాకెందుకు గుర్తు రాలేదు. వచ్చే ఉంటుంది, దాని మీద కొక్కెం వేసి ఉంటాను.

అయ్యలూరు మెట్ట దాటింది. వాక్యాలు తయారు చేసుకుంటున్నాను. అమ్మా, మీ అందరికీ ఒక సంగతి. బాగాలేదు. చూడండమ్మా, కాలం మారింది. ఇది బిస్కెట్ల మేనేజరు మాట. నాకు తెలిసినంతలో మీకు మేలు చేద్దామని. ఇది అబద్ధం. ఆర్డర్లు లేవు, నవంబరు నుంచి లేవు, మీరు కుట్టేది నేను చింపిందే. ఇది నిజం, పదీ ముప్పై అయిదుకు నా నోట్లో మొదటిసారి తయారైంది, మూడు ముక్కలు, ఒక్క ఊపిరిలో పడుతుంది. దాని పక్కనే ఇంకో ముక్క కూడా తయారుగా ఉంది, పాత సరుకు, వాడి వాడి నున్నబడింది, నోరు తెరిస్తే దానంతటదే వస్తుంది: దసరా కల్లా పెద్ద ఆర్డరు. అమ్మడానికి ఇంకా ఏమేమి మిగిలాయో కూడా మనసు నా అనుమతి లేకుండా ఏరుకుంటోంది. పక్కన కూర్చున్నామె లేచి, "పుస్తకం జాగర్తన్నా, ఒళ్ళోంచి జారతాండాది" అంది. పట్టుకునే ఓపిక లేక జారనిచ్చాను, కాళ్ళ దగ్గర పడింది, తర్వాత వంగి తీసుకున్నాను. నంద్యాల.

షెడ్డు ముందు వ్యాను అప్పటికే వచ్చి ఉంది. పది నిమిషాలు ముందే వచ్చారు, నా లెక్క తప్పింది. చేతిలో పలక లాంటి ఫోను పట్టుకున్న అమ్మాయి, మెడలో అర్చన అని పేరున్న కార్డు, గుమ్మం దగ్గర దుమ్ముకు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని నిలబడింది. లోపల పదకొండు మంది కుడుతున్నారు. ఎవరూ తలెత్తలేదు. ఎనిమిది మంది పక్కన ప్లాస్టిక్ కవర్లలో ఆధార్ కార్డులు పెట్టి ఉన్నాయి, నేను వాటిని చూశాను, చూసి కూడా ఏమనుకోవాలో తోచలేదు. చెప్పులు విప్పకుండానే చెప్పేశాను. తయారు చేసుకున్న మూడు ముక్కలూ చెప్పాను, చింపింది నేనేనన్న ముక్క రెండుసార్లు చెప్పాను.

మొదట మాట్లాడింది కమలాక్షమ్మ. ఒళ్ళోని గోతం నాకు చూపించింది. "ఇది నాకు మూడోసారి వచ్చిందప్పా. నా అతుకు పక్కనే చింపినావు. రవ్వంత జరిగి చింపకూడదా, కుట్టనీకి జాగా ఉండాల కదా."

ఎవరో నవ్వారు, ఇంకొకరు నవ్వారు, మేరీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను బేలు మీద కూర్చున్నాను.

"తెలిసి ఎందుకు అడగల్యా?" అన్నాను.

జీవమ్మ దారం కొరికింది. "అడిగితే నువ్వు ఇంగో అబద్ధం చెప్పాల. ఎందుకులే అని. కూలి వస్తాండె, కుడతాండాం. నువ్వే చెప్తావని చూసినాం, ఈస్టరుకు చెప్తావనుకున్నాం, రంజానుకు చెప్తావనుకున్నాం." తర్వాత వెనక్కి తిరిగి, "లేయండే, అన్న చెప్పినాడు కదా. బిరబిరా పోండి, ఆ పాప నిలబడుండాది" అంది.

ఎనిమిది మంది లేచి చీరలు దులుపుకుని, కార్డులు తీసుకుని, అర్చన ముందు వరుస కట్టారు. జీవమ్మ, మేరీ, కమలాక్షమ్మ లేవలేదు. నేను వాళ్ళ వైపు చూసి, "మీరూ పోండి" అన్నాను.

"మేము వాళ్ళకు పనికిరాము" అంది జీవమ్మ.

అర్చన గుమ్మం దగ్గర నుంచి, "యాభై నిండకూడదు అంకుల్, ఆధార్ ప్రకారం. నవంబర్లో కూడా అదే రూలు" అంది.

"నవంబర్లో పదకొండు మందినీ రమ్మన్నారు కదా."

"అప్పుడు మాకు నిండల్యా" అంది జీవమ్మ. "ఆధార్ క్యాంపుకు ముగ్గురం ఒక్కరోజే పోయినాం. పుట్టిన తేదీ తెల్దంటే, ఆ రాసేటాయన ముగ్గురికీ ఒకే ఏడు కొట్టి జనవరి ఒకటి ఏసినాడు. మొన్న జనవరి ఒకటికి ముగ్గురికీ ఒక్క పొద్దులో యాభై నిండినాయి."

"నాకు అరవై ఎప్పుడో దాటినాయి" అంది కమలాక్షమ్మ. "ఆ పుణ్యాత్ముడు పదేండ్లు తగ్గించినాడు. అవీ వాడుకోల్యాకపోతి."

నేను లేచి అర్చన దగ్గరికి పోయాను. వీళ్ళను అప్పుడు ఆపింది నేను, తప్పు నాది, వాళ్ళది కాదు, మీ పెద్దవాళ్ళతో మాట్లాడతాను, ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను అన్నాను. ఆ అమ్మాయి మంచిగానే విన్నది. పలకలో జీవమ్మ ఆధార్ నంబరు కొట్టి చూపించింది, ఎర్ర గీత వచ్చింది. "నేను రాసినా ఇది తీసుకోదంకుల్" అంది. ఎనిమిది మంది వ్యాను ఎక్కారు, కిటికీలోంచి ఒకరు "పోయొస్తామన్నా" అన్నారు, మిగతావాళ్ళు సీట్ల కోసం తోసుకుంటున్నారు. వ్యాను మలుపు తిరిగిపోయింది. నవంబరు నుంచి జనవరికి ఎన్ని వారాలో లెక్కపెట్టాను. ఏడు. ఏడు వారాల్లో ఏ రోజు చెప్పినా సరిపోయేది.

షెడ్డులో ముగ్గురున్నారు, ఎనిమిది ఖాళీ పీటలున్నాయి. జీవమ్మ నన్నే చూస్తోంది, నవంబరులో చూసినట్టే.

"రేపు మేము ముగ్గురం ఎన్ని గంటలకు రావాల?"

నోట్లోకి అదే వచ్చింది, నున్నబడిన మాట, దసరా కల్లా అన్న మాట, పెదవి దాకా వచ్చింది. ఐదు నెలలు లాగినవాణ్ణి ముగ్గురికి ఇంకో ఏడాది లాగలేనా, పదకొండు మంది కంటే ముగ్గురు తక్కువే కదా.

"రావద్దు జీవమ్మా" అన్నాను. "పని లేదు. నా దగ్గర ఇంగేం లేదు."

ఆమె తల ఊపింది. సరే అన్నట్టు కాదు, విన్నానన్నట్టు. లేచి నడుం పట్టుకుని నిలబడింది, సగం కుట్టిన గోతాన్ని దబ్బనంతో సహా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఇదొకటి మిగిలిపోయె. చింపింది నువ్వే కదా అన్నా, కుట్టుకో."

కోపంగా అనలేదు. పని అప్పగించినట్టు అంది. మేరీ తన పీటను తిరగేసి గోడకు ఆనించింది. నలభై ఒక్క ఏళ్ళలో నేను కుట్టించిన గోతాలు ఎన్నో నాకు తెలుసు, కుట్టింది ఒక్కటీ లేదు. చిరుగు రెండు అంచులూ దగ్గరికి తెచ్చి దబ్బనం గుచ్చాను, వేలికి తగిలింది.

"ఆ పక్క నుంచి కాదప్పా" అంది కమలాక్షమ్మ, చెప్పులు వేసుకుంటూ.